దీపాల వెలుగులు ఢీకొనగలవా?

సుమారు వెయ్యేళ్ల క్రితం ఒక పండితుడు చీకటిగదిలో దీపాలతో చేసిన పరీక్షతో ఈ వ్యాసాన్ని ఆరంభిస్తున్నాము. ఆయన పేరు అబూ అలీ హసన్ ఇబ్నుల్ హైసమ్. ఇరాక్‌లోని బస్రాలో క్రీ.శ. 965 ప్రాంతంలో జన్మించి, 1040 ప్రాంతంలో కైరోలో కన్నుమూసిన ఈ విద్వాంసుణ్ణి పాశ్చాత్యులు అల్‌హాజెన్ అని పిలిచారు. వెలుగును గురించి, చూపును గురించి ఆయన ఏడు భాగాలుగా రచించిన ‘కితాబుల్ మనాజిర్’ లాటిన్ భాషలోకి అనువాదమై, ఐరోపా పండితులకు శతాబ్దాల తరబడి ప్రామాణిక గ్రంథంగా నిలిచింది.

పరీక్ష ఇది. కొన్ని దీపాలను వేర్వేరు చోట్ల నిలిపారు. వాటికి ఎదురుగా ఒక చిన్న రంధ్రం, దాని అవతల చీకటి. దీపాలన్నింటి వెలుగూ ఆ ఒక్క రంధ్రం గుండానే లోపలికి వెళ్లాలి. లోపలి గోడమీద ఎన్ని దీపాలో అన్ని వెలుగుమచ్చలు విడివిడిగా కనిపించాయి. ఒక దీపానికి తెర అడ్డుపెడితే దానికి ఎదురుగా ఉన్న మచ్చ మాత్రమే మాయమయింది, మిగిలినవి చెక్కుచెదరలేదు. తెర తీయగానే ఆ మచ్చ తిరిగి తన చోటికే వచ్చింది. అంత ఇరుకుదారిలో అన్ని వెలుగులు ఒకదానినొకటి దాటిపోయినా ఏదీ దేనినీ పక్కకు తోయలేదు, దేనితోనూ కలిసిపోలేదు. వెలుగు గుండా వెలుగు నిరాటంకంగా సాగిపోతుందని ఆయన నిర్ధారించారు.

పిల్లలున్న ఇంటిలో కరెంటు పోయిన రాత్రి ఈ పరీక్షను రెండు టార్చిలైట్లతో చేసి చూడవచ్చు. ఒక కిరణపుంజానికి అడ్డంగా మరొక కిరణపుంజాన్ని వేయండి. రెండు నీటిధారలైతే చిమ్ముతాయి, రెండు బంతులైతే ఎగిరిపడతాయి. వెలుగులు మాత్రం ఏమీ జరగనట్టు తమ దారిన తాము పోతాయి. మనం ఒకరి ముఖం ఒకరు చూసుకోగలుగుతున్నామంటే ఈ ధర్మమే కారణం. గదిలో అన్ని దిక్కుల నుండి అన్ని దిక్కులకూ వెలుగు పరుగెడుతూనే ఉంటుంది. అవి పరస్పరం తాకి చెదిరిపోయేవే అయితే ఏ రూపమూ కంటిదాకా సరిగా చేరేది కాదు.

19వ శతాబ్దంలో జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్ వెలుగును విద్యుదయస్కాంత తరంగంగా నిరూపిస్తూ వ్రాసిన సమీకరణాలు కూడా ఇదే మాట చెప్పాయి. 1905లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వెలుగు చిన్న చిన్న మోతాదులుగా వస్తుందని ప్రతిపాదించారు. ఆ మోతాదుకే తరువాత ఫోటాన్ అనే పేరు స్థిరపడింది. ఫోటాన్‌కు ద్రవ్యరాశి లేదు, విద్యుదావేశమూ లేదు. విద్యుదావేశం ఉన్నవాటినే వెలుగు తాకుతుంది గనుక, ఆవేశంలేని ఒక ఫోటాన్ ఆవేశంలేని మరొక ఫోటాన్‌ను తాకే ప్రసక్తి లేదు. సృష్టిలో ఇంతకంటె నిరాడంబరమైన కణం మరొకటి లేదనిపిస్తుంది. లోపల భాగాలు లేవు, బరువు లేదు, ఆవేశం లేదు.

అయితే 20వ శతాబ్దపు భౌతికశాస్త్రం ఈ నిరాడంబరతను కొంచెం లోతుగా తరచి చూసింది. అక్కడ కనిపించినదే మా నేటి విషయం.

సూక్ష్మ ప్రపంచంలో శక్తికి ఒక విచిత్రమైన వెసులుబాటు ఉన్నది. దానిని మన ఇళ్లలో వాడే ‘చేబదులు’ అనే మాటతో చెప్పుకోవచ్చు. పొరుగింటివారి వద్ద పావుకిలో చక్కెర చేబదులు తెచ్చుకున్నట్టు, ఒక కణం అతి స్వల్పకాలం పాటు తనకు లేని శక్తిని వాడుకోగలదు. ఈ చేబదులుకు వడ్డీ లేదు గానీ గడువు మాత్రం మహా కఠినమైనది. తెచ్చుకున్నది ఎంత ఎక్కువైతే అంత త్వరగా తిరిగి ఇచ్చివేయాలి. దీనినే శాస్త్రజ్ఞులు అనిశ్చితత్వ నియమం అంటారు. ఈ వెసులుబాటుతో ఫోటాన్ క్షణకాలం తన రూపం విడిచి, ఒక కణంగా, దాని ప్రతికణంగా చీలగలదు. మరుక్షణం ఆ రెండూ కలిసి మళ్లీ ఫోటాన్ అయిపోతాయి. ఆ జంట ఎలక్ట్రాన్, పాజిట్రాన్ కావచ్చు. లేదా క్వార్క్, ప్రతిక్వార్క్ కావచ్చు.

క్వార్కులంటే ప్రోటాన్లను, న్యూట్రాన్లను నిర్మించే కణాలు. 1964లో మరే గెల్‌మాన్, జార్జి జ్వైగ్ వేరువేరుగా వీటిని ఊహించారు. వీటి విద్యుదావేశం పూర్ణసంఖ్య కాదు. ‘అప్’ క్వార్కుకు మూడింట రెండు వంతులు, ‘డౌన్’ క్వార్కుకు మూడింట ఒక వంతు, అదీ రుణావేశం. వాటిని గట్టిగా పట్టి ఉంచేవి గ్లూవాన్లు. గ్లూవాన్ల ఉనికి 1979లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో, డెసి పరిశోధన కేంద్రంలోని పెట్రా యంత్రంలో వెల్లడయింది. ఫోటాన్ ఒకసారి క్వార్కు జంటగా మారిందంటే, వాటి మధ్య గ్లూవాన్లు కూడా పుడతాయి, ఆ గ్లూవాన్ల నుండి మరిన్ని క్వార్కులు పుడతాయి. ఏ భాగమూ లేని వెలుగు, ఆ క్షణంలో ప్రోటాన్ వలె ఒక రద్దీ సంత అయిపోతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరం. ఇటుకలతో గోడ కట్టినట్టు క్వార్కులతో వెలుగు నిర్మితమైనదని దీని భావం కాదు. వెలుగు ప్రధానంగా వెలుగే. మన ఇంటి బల్బు నుండి వచ్చే ఫోటాన్ శక్తి రెండు ఎలక్ట్రాన్ వోల్టుల చొప్పున ఉంటుంది. క్వార్కు జంటగా, అంటే రో మేసాన్ అనే కణం రూపంలో, కనిపించాలంటే కావలసినది సుమారు 77 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. చేతిలో రెండు రూపాయలున్నవాడు 77 కోట్లు చేబదులు తెచ్చినట్లు! గడువు ఎంత? ఒక సెకనును ఒకటి పక్కన 24 సున్నాలుగల సంఖ్యతో భాగిస్తే వచ్చేటంత. అంత స్వల్పకాలంలో వెలుగు సైతం ప్రోటాన్ వెడల్పులో ఒక చిన్న భాగాన్ని మాత్రమే దాటగలదు. కాబట్టి దీపం వెలుగులో క్వార్కులు వెదకడం వృథాశ్రమ.

ఫోటాన్ శక్తి పెరిగిన కొద్దీ పరిస్థితి మారుతుంది. చేతిలో సొమ్ము ఎక్కువైతే తెచ్చుకోవలసిన చేబదులు తగ్గుతుంది, గడువు పెరుగుతుంది. వెయ్యి కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ అయితే, ఆ క్వార్కు రూపంతోనే ప్రోటాన్ వెడల్పుకు సుమారు నాలుగు రెట్ల దూరం పయనించగలదు. అంటే ఎదుట ఉన్న ప్రోటాన్‌ను చేరే ముందే ఫోటాన్ వేషం మార్చి ఉండవచ్చు. అప్పుడు ప్రోటాన్‌ను ఢీకొన్నది వెలుగా, పదార్థమా?

ఈ ప్రశ్నకు మొదటి సమాధానం జపాన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన జె.జె. సకురాయ్ ఆలోచనల నుండి వచ్చింది. ఫోటాన్ రో మేసాన్ వంటి కణంగా మారి ప్రోటాన్‌ను తాకుతుందన్న భావానికి 1960లో ఆయన పునాది వేశారు. ఈ రెండింటికీ భ్రమణం ఒకటే, ఇతర గుణాలూ కలుస్తాయి. ఒక్క ద్రవ్యరాశే తేడా. తరువాతి ప్రయోగాలు ఈ ఆలోచనకు బలం చేకూర్చాయి. పయాన్ అనే మామూలు క్వార్కు కణం ప్రోటాన్‌ను ఢీకొనే అవకాశంతో పోలిస్తే, అధికశక్తి ఫోటాన్ ఢీకొనే అవకాశం సుమారు 200లో ఒక వంతు. స్థూలంగా చెప్పాలంటే 200 సార్లలో ఒకసారి ఫోటాన్ క్వార్కుల వేషంలో ఎదురవుతున్నదన్నమాట. ఇంకొక సాక్ష్యం మరింత ముచ్చటైనది. సీసం వంటి భారీ పరమాణు కేంద్రకం మీద అధికశక్తి వెలుగును ప్రసరింపజేస్తే, ముందున్న ప్రోటాన్లు, న్యూట్రాన్లు వెనుకనున్నవాటికి అడ్డు నిలిచాయి. శుద్ధమైన వెలుగు అయితే కేంద్రకమంతటినీ ఒకే రీతిగా చూడగలగాలి. చేతిలో పదార్థం ఉన్నవాడికే దారిలో అడ్డు తగులుతుంది. ఆ ప్రభావానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కూడా ‘నీడ పడటమే’.

మరి ఆ క్వార్కులను లెక్కించడం ఎట్లా? దేనినైనా చూడాలంటే వెలుగు ప్రసరించాలి. వెలుగునే చూడాలంటే వెలుగు మీద వెలుగు ప్రసరించాలి. ఎలక్ట్రాన్‌ను, పాజిట్రాన్‌ను ఎదురెదురుగా పరుగెత్తిస్తే రెండూ చెరొక ఫోటాన్‌ను వెలువరించవచ్చు. ఒక కణం పెద్ద మలుపు తిరిగితే, అది వెలువరించిన ఫోటాన్ సూదిమొన వంటిది. రెండవది దాదాపు తిన్నగా సాగితే, దాని ఫోటాన్ మామూలు వెలుగుకు సమీపంగా ఉంటుంది. మొదటిది భూతద్దం, రెండవది దాని కింద పెట్టిన వస్తువు. ఈ విధంగా ఫోటాన్ అంతర్నిర్మాణాన్ని 1981లో తొలిసారి కొలిచినది పెట్రా యంత్రం మీద పనిచేసిన ప్లూటో బృందం.

ఈ కొలతకు ముందే, 1977లో, ఎడ్వర్డ్ విట్టెన్ ఒక లెక్క వేశారు. ప్రోటాన్ లోపలి క్వార్కుల పంపకాన్ని సిద్ధాంతం నుండి నేరుగా లెక్కకట్టడం దుర్లభం. ప్రయోగంలో కొలిచి తీరవలసిందే. ఫోటాన్ విషయంలో మాత్రం, మొన ఎంత పదునైతే సిద్ధాంతపు లెక్క అంత నమ్మదగినదవుతుందని ఆయన చూపారు. భేదం ఎక్కడున్నది? ప్రోటాన్ ఒక తొట్టి వంటిది. ఉన్న నీటినే పంచుకోవాలి. నిశితంగా చూసిన కొద్దీ అధికశక్తిగల క్వార్కులు తమ శక్తిని గ్లూవాన్లకు పంచి పలచబడతాయి. ఫోటాన్ ఊటబావి వంటిది. అది మళ్లీ మళ్లీ జంటగా చీలుతూనే ఉంటుంది గనుక, నిశితంగా చూసిన కొద్దీ క్వార్కులు పెరుగుతూనే కనిపిస్తాయి. 1989 నుండి 2000 దాకా స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దున సెర్న్ కేంద్రంలో నడిచిన 27 కిలోమీటర్ల లెప్ యంత్రం ఆ పెరుగుదలను విస్తృతంగా కొలిచింది.

చిన్న గణితమొకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేము. ఫోటాన్ ఒక జాతి క్వార్కు జంటగా చీలే అవకాశం ఆ క్వార్కు ఆవేశపు వర్గాన్ని బట్టి ఉంటుంది. అప్ ఆవేశం డౌన్‌కు రెట్టింపు, కనుక అవకాశం నాలుగు రెట్లు. సూదిమొన ఫోటాన్ ఆ క్వార్కును తాకే అవకాశం కూడా మళ్లీ నాలుగు రెట్లు. నాలుగు నాలుగులు పదహారు. అందుచేత ఈ పరీక్షలో ఒక్కో అప్ జంట ఒక్కో డౌన్ జంటకంటె 16 రెట్లు ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. క్వార్కుల ఆవేశం మూడోవంతుల్లో ఉంటుందన్న వింత మాట నిజమేనని చెప్పే సాక్ష్యాలలో ఇదీ ఒకటి.

కాని ఈ పద్ధతికి ఒక లోపమున్నది. గ్లూవాన్లకు విద్యుదావేశం లేదు గనుక సూదిమొన వాటిని సూటిగా చూడలేదు. గ్లూవాన్‌ను చూడాలంటే మరొక గ్లూవాన్‌తోనో, క్వార్కుతోనో కొట్టాలి. ఆ పని హాంబర్గ్‌లోని హెరా యంత్రం వల్ల జరిగింది. నేల కింద 6.3 కిలోమీటర్ల చుట్టుకొలతగల ఆ యంత్రంలో 1992 నుండి 2007 దాకా ఎలక్ట్రాన్లను, ప్రోటాన్లను ఢీకొట్టించారు. ఎలక్ట్రాన్ శక్తి 2,750 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. ప్రోటాన్ శక్తి మొదట 82,000 కోట్లు, తరువాత 92,000 కోట్లు. ఎలక్ట్రాన్ తన దారిలో ఒక ఫోటాన్‌ను వదలిపెడుతుంది, ఆ ఫోటాన్ ప్రోటాన్‌ను తాకుతుంది. అక్కడ రెండు రకాల సంఘటనలు కనిపించాయి. మొదటి దానిలో ఫోటాన్ తన శక్తినంతటినీ ఖర్చుచేసి అదృశ్యమయింది. రెండవ దానిలో ఫోటాన్ లోపలి ఒక క్వార్కో, గ్లూవానో మాత్రమే ప్రోటాన్ లోపలి గ్లూవాన్‌ను ఢీకొని, రెండు కణధారలు పక్కలకు చిమ్మాయి. ఫోటాన్ మిగతా భాగం శకలాల రూపంలో ముందుకు సాగిపోయింది. ఒక వస్తువు పగిలి శకలాలు మిగిలితే దానికి భాగాలున్నట్లే గదా! హెరాలోని హెచ్-వన్, జ్యూస్ బృందాలు ఈ శకలాలను స్పష్టంగా గుర్తించాయి. 1995లో హెచ్-వన్ బృందం ఫోటాన్‌లో గ్లూవాన్ల వాటాను తొలిసారి కొలిచి ప్రకటించింది.

ఇంతకూ వెలుగు వెలుగును తాకుతుందా? 2019లో సెర్న్‌లోని అట్లాస్ బృందం ఈ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చింది. సీసం కేంద్రకాలు ఒకదానినొకటి తాకకుండా అతి దగ్గరగా దాటిపోయినప్పుడు, వాటి చుట్టూ ఉన్న ఫోటాన్లలో రెండు ఢీకొని, రెండు ఫోటాన్లుగానే దిశ మార్చుకొని వెలువడ్డాయి. కోట్లాది సంఘటనల నుండి ఏరితే అటువంటివి దొరికినవి 59. వాటిలో 12 దాకా వేరే కారణాల వల్ల వచ్చి ఉండవచ్చునని వారే లెక్కగట్టారు. ఇబ్నుల్ హైసమ్ తీర్పు మన ఇళ్ల దీపాలకు నేటికీ అక్షరాలా చెల్లుతుంది. ఆయనకు ఈ సంగతి ముందే తెలుసునని చెప్పబూనడం మాత్రం ఆయనకు గౌరవం కాదు. టాలెమీ అంతటివాని గ్రంథాలలోని సందేహాలను ఏర్చి ఒక పుస్తకమే వ్రాసిన పండితుడాయన. పరీక్షకు నిలవని ప్రశంసను ఆయన ఆమోదించేవారని మేము అనుకోము.

ఈ విజ్ఞానం వల్ల ప్రయోజనమేమిటని అడిగేవారికి మేము భారతదేశపు శాస్త్రవేత్త రోహిణీ గోడ్బోలే పేరు చెప్పదలచాము. ఆమె 1952లో పూణేలో జన్మించారు. తమ బాలికల పాఠశాలలో ఏడవ తరగతి వరకు సైన్సుకు బదులు గృహవిజ్ఞానం బోధించేవారనీ, ఉపకారవేతన పరీక్ష కోసం సైన్సును విడిగా నేర్చుకోవలసి వచ్చిందనీ ఆమె చెప్పుకున్నారు. బొంబాయి ఐఐటీలో చదివి, అమెరికాలోని స్టోనీ బ్రూక్‌లో 1979లో డాక్టరేటు పొంది, స్వదేశానికి తిరిగి వచ్చారు. బొంబాయి విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలిగా ఉన్న రోజులలోనే జర్మన్ శాస్త్రవేత్త మాన్యుయెల్ డ్రీస్‌తో కలిసి ఫోటాన్ లోపలి క్వార్కులను, గ్లూవాన్లను శోధించారు.

అప్పటికి ప్రపంచమంతటా భౌతికశాస్త్రజ్ఞులు ఒక కొత్త తరం యంత్రాలను ఊహిస్తున్నారు. గుండ్రటి దారిలో తిరిగే ఎలక్ట్రాన్ మలుపు మలుపుకూ శక్తిని కోల్పోతుంది. అందుచేత తిన్నని దారిలో పరుగెత్తించే యంత్రాలు కావాలనుకున్నారు. తిన్నని దారిలో కణాలకు ఒక్కటే అవకాశం. ఢీకొనకపోతే మళ్లీ చుట్టి రావు. కనుక వాటిని మీటరులో వందకోట్లవ వంతు కొలతల్లోకి వచ్చేటంత సన్నగా నొక్కి గుంపులుగా పంపాలి. అంత కిక్కిరిసిన గుంపులు ఎదురైనప్పుడు, ఒక గుంపు ప్రభావం వల్ల మరొక గుంపులోని కణాల దారి వంగి విపరీతంగా ఫోటాన్లు వెలువడతాయి. అయితేనేం, వెలుగే గదా, వెలుగు వెలుగును తాకదు గదా అనుకోవడానికి వీలులేదు. ఆ ఫోటాన్లు క్వార్కుల, గ్లూవాన్ల సంచులు మోస్తూ ఢీకొంటాయనీ, యంత్రం రూపకల్పన సరిగా లేకపోతే ఆ చెత్త కింద వెదకుతున్న అరుదైన సంఘటనలు కప్పబడిపోతాయనీ 1991లో డ్రీస్, గోడ్బోలే హెచ్చరించారు. వేల కోట్ల రూపాయల వ్యయమయ్యే యంత్రానికి, ఒక్క ఇటుక పేర్చకముందే కాగితం మీద అందిన హెచ్చరిక అది. నేడు ఏ తిన్నని యంత్రపు ప్రణాళిక తీసుకున్నా ఈ లెక్క తప్పనిసరిగా ఉంటుంది. గుంపును గుండ్రంగా కాక రిబ్బను వలె బల్లపరుపుగా నొక్కితే వెలువడే ఫోటాన్లు తగ్గుతాయి గనుక అదే పద్ధతి స్థిరపడింది.

గోడ్బోలే 1995లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు వెళ్లారు. భారతీయ మహిళా శాస్త్రవేత్తల జీవితకథలను ‘లీలావతీస్ డాటర్స్’ అనే ఆంగ్ల సంకలనంగా రామకృష్ణ రామస్వామితో కలిసి 2008లో వెలువరించారు. ఇంట్లో చదువుకునే ఆడపిల్ల ఉన్నవారు ఆ పుస్తకాన్ని సంపాదించి చదివించాలని మా అభిలాష. బిడ్డ భౌతికశాస్త్రం తీసుకోకపోయినా సరే. 2019లో ఆమెకు పద్మశ్రీ లభించింది. 2024 అక్టోబరు 25న ఆమె పూణేలో కన్నుమూశారు.

ఆమె లెక్కలు అవసరమయ్యే యంత్రాలు ఇంకా ప్రణాళికల దశలోనే ఉన్నాయి. సెర్న్ రూపొందించిన క్లిక్ అనే ప్రణాళికలో, 3 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వద్ద గుంపులు ఎదురైన ప్రతిసారీ, ఫోటాన్లు ఢీకొని క్వార్కు కణాలు చిమ్మే సంఘటనలు సగటున మూడుకు పైగా జరుగుతాయని అంచనా. ఒక గుంపుకూ తరువాతి గుంపుకూ మధ్య వ్యవధి ఒక సెకనులో 200 కోట్లవ వంతు మాత్రమే. కావలసిన సంఘటనను ఈ గందరగోళం నుండి వేరుచేయడానికి, ప్రతి కణం వచ్చిన వేళను దాదాపు అంతే సూక్ష్మంగా గుర్తించే డిటెక్టర్లను ఇప్పుడు తయారుచేస్తున్నారు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో ఎలక్ట్రాన్లను ప్రోటాన్లతోను, భారీ కేంద్రకాలతోను ఢీకొట్టించే మరొక యంత్రం నిర్మాణానికి ఏర్పాట్లు సాగుతున్నాయి. హెరా మూతపడిన తరువాత ఆగిపోయిన ఫోటాన్ శకలాల లెక్కింపు అక్కడ తిరిగి మొదలు కానున్నది.